పాఠాల కంప్యూటరుకు కొత్త ఎస్‌ఎంపీఎస్: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 7, 2024, ఆదివారం

పదో తరగతి గణిత పాఠాలను రికార్డు చేసి ఎడిట్ చేయడానికి ఖమ్మంలోని మా ఇంట్లో వాడుతున్న కంప్యూటరు ఈ సాయంత్రం మళ్లీ దానంతట అదే రీస్టార్ట్ అయింది. కరెంటు పోయిన క్షణంలోనే ఇన్వర్టర్ అందుకుంది. ఫ్యాను వేగం తగ్గలేదు, లైటు ఆరలేదు. కంప్యూటరు మాత్రం ఒక్కసారిగా చీకటై మళ్లీ మొదటినుంచి మొదలైంది. గత రెండు వారాల్లో ఇలా జరగడం ఇది నాలుగోసారి. సగం ఎడిట్ చేసిన త్రికోణమితి పాఠం పోయింది. ఇన్వర్టర్ వెనకనున్న మీటను చూశాను. అది కంప్యూటర్ల కోసం ఉద్దేశించిన యూపీఎస్ మోడ్‌లోనే ఉంది. కాబట్టి ఈసారి ఇన్వర్టర్ మెకానిక్కుకు కబురు పెట్టకుండా కంప్యూటరు లోపలి ఎస్‌ఎంపీఎస్‌నే, అంటే గోడ కరెంటును కంప్యూటరు భాగాలకు తగిన తక్కువ వోల్టేజిలుగా మార్చి ఇచ్చే పెట్టెనే, ముందుగా అనుమానించాలని నిర్ణయించుకున్నాను.

ఈ యంత్రాన్ని 2020లో కొన్నాను. కోర్ ఐ5-10400 ప్రాసెసర్, 16 జీబీ మెమరీ, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక పాత హార్డ్ డిస్కు ఇందులో ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్ విడిగా కొన్నది కాదు, కేబినెట్‌తోపాటు వచ్చింది. ఈ వేసవిలో వీడియో ఎడిటింగ్ కోసం ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టాలనుకుంటున్నాను. అందువల్ల ఎస్‌ఎంపీఎస్ ఎలాగూ మార్చవలసిందే. అయితే దుకాణదారు చేతికిచ్చినది తెచ్చి బిగించకుండా, పాత దానిలో లోపం ఏమిటో తెలుసుకొని, ఆ లోపం లేని దానిని నా శక్తికి తగిన ధరలో ఎంచుకోవాలని ఈ డైరీ మొదలుపెడుతున్నాను. ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు.

ఏప్రిల్ 9, మంగళవారం, ఉగాది

పండుగ పనులు అయ్యాక మధ్యాహ్నం కేబినెట్ మూత తీశాను. ఎస్‌ఎంపీఎస్ మీది లేబుల్‌పై పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల వరుసలో 16 ఆంపియర్లు అని ఉంది. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు వస్తాయి. నేటి కంప్యూటరులో ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ, ఫ్యాన్లూ అన్నీ 12 వోల్టుల లైను నుంచే కరెంటు తీసుకుంటాయి. 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్లపై పడేది కొద్ది భారమే. అంటే పెద్ద అక్షరాల 450లో నా యంత్రానికి నిజంగా అక్కరకు వచ్చేది 192 మాత్రమే. మిగిలినదంతా ఇప్పటి యంత్రాలు అంతగా వాడుకోని లైన్లలో లెక్క చూపించినది. లేబుల్ చదవడం వచ్చినవారికి ఇందులో దాపరికం లేదు, కానీ కొనేటప్పుడు ఆ చిన్న పట్టికను నేను చూడనే లేదు.

తరువాత మల్టీమీటరుతో హార్డ్ డిస్కుకు వెళ్లే నాలుగు పిన్నుల కనెక్టరు దగ్గర కొలతలు తీసుకున్నాను. పసుపు తీగ 12 వోల్టులది, ఎరుపు తీగ 5 వోల్టులది, నలుపు గ్రౌండు. యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు పసుపు తీగపై 11.52 వోల్టులు చూపింది. ఎడిట్ చేసిన ఒక పాఠాన్ని ఎక్స్‌పోర్టుకు, అంటే పూర్తి వీడియో ఫైలుగా తయారు చేయడానికి, పెట్టగానే అది 11.31కి పడిపోయింది, అదే సమయంలో ఎరుపు తీగపై 5.19కి పెరిగింది. కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్‌లు ఎలా ఉండాలో చెప్పే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల లైను 5 శాతం అటూ ఇటూ, అంటే 11.40 నుంచి 12.60 మధ్య ఉండాలి. నా లైను ఆ గీత దాటి కిందికి దిగింది.

ఒక లైను దిగుతుంటే రెండోది పెరగడం యాదృచ్ఛికం కాదు. చవక ఎస్‌ఎంపీఎస్‌లలో 12, 5 వోల్టుల లైన్లను ఒకే నియంత్రణ వలయం ఉమ్మడిగా అదుపు చేస్తుంది. ఒక లైనుపై భారం పెరిగి వోల్టేజి తగ్గితే, ఆ వలయం రెండింటినీ కలిపి పైకి నెడుతుంది. భారం లేని లైను అవసరానికి మించి లేస్తుంది, భారం ఉన్న లైను పూర్తిగా కోలుకోదు. దీనికి భిన్నంగా డీసీ-డీసీ నిర్మాణం ఉన్న ఎస్‌ఎంపీఎస్ ముందు 12 వోల్టులను మాత్రమే తయారు చేసి, 5నూ 3.3నూ ఆ 12 నుంచి విడి చిన్న బోర్డుల ద్వారా పుట్టిస్తుంది. అందువల్ల ఒక లైను భారం మరో లైనును లాగదు. నా జాబితాలో మొదటి షరతు ఇదే అయింది.

గోడ ప్లగ్గు దగ్గర పెట్టే చిన్న వాట్ మీటరు ప్రకారం యంత్రం ఖాళీగా 48 వాట్లు, ఎక్స్‌పోర్టు సమయంలో 160 వాట్లు తీసుకుంటోంది. ఈ 160 అంకె తరువాత పనికి వస్తుందని రాసి పెట్టుకున్నాను.

ఏప్రిల్ 14, ఆదివారం

ఎన్ని వాట్లు కావాలన్న లెక్క ఈరోజు చేశాను. ఐ5-10400 పై 65 వాట్లని రాసి ఉంటుంది కాని, కొద్దిసేపు పూర్తి వేగంతో పనిచేసేటప్పుడు ఇంటెల్ పెట్టిన పరిమితి 134 వాట్లు. ఆర్ఎక్స్ 6600కు ఏఎండీ చెప్పినది 132 వాట్లు. మదర్‌బోర్డు, మెమరీ, డిస్కులు, ఫ్యాన్లకు ఉదారంగా 50 వేసుకున్నా మొత్తం 316 వాట్లు. గ్రాఫిక్స్ కార్డులు మిల్లీసెకన్ల పాటు తమ సగటు కంటే బాగా ఎక్కువ లాగుతాయి కాబట్టి ఆ ఉబ్బుకు కూడా చోటు ఉండాలి. ఏఎండీ ఈ కార్డుకు కనీసం 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సూచిస్తుంది. మా గది వేసవిలో ఎంత వేడెక్కుతుందో తెలిసినందువల్ల నేను 550 దగ్గర ఆగాను. 650, 750 వాట్లవి చూడాలన్న ఆశ కలిగింది కాని, అదే డబ్బుకు వాట్లు పెరిగినకొద్దీ లోపలి సరుకు పలచబడే ప్రమాదం ఉంది. 5,000 లోపు మంచి 550 దొరుకుతుంది, మంచి 750 దొరకడం కష్టం.

కార్డుకు ఒక 8 పిన్నుల కనెక్టరు కావాలి. దాని ద్వారా 150 వాట్ల వరకు, మదర్‌బోర్డు స్లాటు ద్వారా 75 వాట్ల వరకు తీసుకోవచ్చు. పాత ఎస్‌ఎంపీఎస్‌కు ఈ కనెక్టరు లేనే లేదు. రెండు నాలుగు పిన్నుల కనెక్టర్లను కలిపి 8 పిన్నులుగా మార్చే తీగను దుకాణాల్లో అమ్ముతారు. 192 వాట్ల లైనుకు ఆ తీగ తగిలించి ఇరవై వేల కార్డును ఆధారపరచడం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఏప్రిల్ 20, శనివారం

మా ఊళ్లోని పాలిటెక్నిక్‌లో పనిచేసే మిత్రుడు తన ల్యాబులోని ఆసిలోస్కోపును ఒక గంట వాడుకోనిచ్చాడు. మల్టీమీటరు సగటు వోల్టేజినే చెబుతుంది, దానిపై తేలే చిన్న చిన్న అలలను, అంటే రిపుల్‌ను చూపలేదు. ప్రోబు చివర 10 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు (విద్యుత్తును కాసేపు దాచుకునే చిన్న భాగాలు) కట్టి, బ్యాండ్‌విడ్త్‌ను 20 మెగాహెర్ట్జ్‌కు పరిమితం చేసి కొలిచాము, ప్రమాణం చెప్పే పద్ధతి అదే. 12 వోల్టుల లైనుపై శిఖరం నుంచి లోయ వరకు 185 మిల్లీవోల్టులు వచ్చాయి. అనుమతించిన గరిష్ఠం 120. ఇంతటి అలలను మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు నాలుగేళ్లుగా మింగుతూ వచ్చాయన్నమాట.

ఏప్రిల్ 21, ఆదివారం

ఈరోజంతా చదవడానికే సరిపోయింది. ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు అన్న విషయం వివరంగా రాసుకుంటున్నాను.

అందరూ మొదట చూసేది 80 ప్లస్ ముద్ర. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం యంత్రానికి చేరుతుందో ఆ సామర్థ్యాన్ని తెలిపే గుర్తు ఇది. 115 వోల్టుల పరీక్షలో, 20, 50, 100 శాతం భారాల దగ్గర సామర్థ్యం మామూలు తెల్ల ముద్రకు 80 శాతం చొప్పున, బ్రాంజ్‌కు వరుసగా 82, 85, 82, గోల్డ్‌కు 87, 90, 87 ఉండాలి. మన 230 వోల్టుల దగ్గర ఇవి కొంచెం మెరుగ్గానే ఉంటాయి. అయితే ఈ ముద్ర చెప్పేది ప్రధానంగా గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా అవుతుందన్నదే. రిపుల్ ఎంత, కరెంటు పోతే ఎంతసేపు నిలుస్తుంది, షార్ట్ అయితే ఆగుతుందా అనే ప్రశ్నలకు అందులో సమాధానం లేదు. పైగా ఆ పరీక్ష 23 డిగ్రీల చల్లని గదిలో జరుగుతుంది. మే నెలలో మా గది 40 డిగ్రీలకు చేరుతుంది.

గోల్డ్ తీసుకుంటే బిల్లు ఆదా అవుతుందన్న మాటను కూడా లెక్క వేసి చూశాను. నా యంత్రం సగటున 150 వాట్లు వాడుతుందనుకుంటే, 86 శాతం సామర్థ్యం దగ్గర గోడ నుంచి 174 వాట్లు, 90 శాతం దగ్గర 167 వాట్లు పడుతుంది. రోజుకు ఆరు గంటల చొప్పున ఏడాదికి తేడా దాదాపు 17 యూనిట్లు. ఆ మొత్తంతో గోల్డ్ ధరలోని అదనాన్ని రాబట్టాలంటే చాలా ఏళ్లు పడుతుంది. కాని 75 శాతం సామర్థ్యమున్న పాత రకానికీ బ్రాంజ్‌కూ మధ్య తేడా ఏడాదికి 56 యూనిట్లు. అందుచేత బ్రాంజ్ దగ్గర ఆగడం నాకు సరైన నిర్ణయంగా తోచింది.

బ్రాండు పేరు రెండో మాయ. ఒక బ్రాండు అమ్మే ఎస్‌ఎంపీఎస్‌లన్నీ ఒకే నాణ్యతతో ఉండవు, చాలా బ్రాండ్లు వాటిని స్వయంగా తయారు చేయవు కూడా. తైవాన్‌కు చెందిన సీడబ్ల్యూటీ వంటి సంస్థలు అనేక బ్రాండ్లకు తయారు చేసి ఇస్తాయి. సీసోనిక్ తన పేరుతోనూ అమ్ముతుంది, ఇతరులకూ చేసి ఇస్తుంది. కోర్సెయిర్‌లోనే సీవీ వరుసకు మూడేళ్ల వారంటీ, సీఎక్స్ వరుసకు ఐదేళ్ల వారంటీ ఉన్నాయి. రెండింటికీ పెట్టె మీద బ్రాంజ్ ముద్రే ఉన్నా, తయారీదారు తన సరుకుపై ఎంత ధైర్యంగా ఉన్నాడో ఆ రెండేళ్ల తేడాయే చెబుతుంది. ప్రకటనలోని విశేషణాలకంటే వారంటీ కాలాన్ని నేను ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే దాని వెనక తయారీదారు డబ్బు ఉంటుంది.

ముద్ర, వాట్లు, పేరు మూడూ ఉన్నా సరిపోదనడానికి 2021లో జరిగినది గుర్తుపెట్టుకోదగినది. గిగాబైట్ సంస్థ జీపీ-పీ750జీఎం, జీపీ-పీ850జీఎం అనే గోల్డ్ ముద్ర ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు పరీక్షల్లో పెద్ద శబ్దంతో కాలిపోతున్నట్లు బయటి పరీక్షకులు చూపించిన తరువాత, ఆ ఏడాది ఆగస్టులో ఆ సంస్థ అధిక భారం దగ్గర ఆగిపోయే హద్దును తగ్గించి, కొన్ని సీరియల్ నంబర్ల వాటిని మార్చి ఇస్తామని ప్రకటించింది. 750 వాట్ల దానిలో ఆ హద్దు మొదట 120 నుంచి 150 శాతం వరకు ఉండేది. తరువాత 110 నుంచి 120కి దించారు. రక్షణ వలయం ఉందని పెట్టె మీద రాయడం ఒకటి, అది సరైన చోట తెగడం మరొకటి. కాబట్టి అధిక భారం, అధిక కరెంటు, అధిక వోల్టేజి, తక్కువ వోల్టేజి, షార్ట్ సర్క్యూట్, అధిక వేడి అనే ఆరు రక్షణలను పెట్టె మీద వెతకడంతో ఆగకుండా, వాటిని నిజంగా రప్పించి చూసిన స్వతంత్ర నివేదికలను చదవాలి. సైప్రస్‌లోని సైబెనెటిక్స్ ప్రయోగశాల తన కొలతలను ఉచితంగా చదవనిస్తుంది. వోల్టేజి స్థిరత్వం, రిపుల్, నిలుపుదల సమయం అన్నీ అందులో పట్టికలుగా ఉంటాయి.

ఇక ఆ నిలుపుదల సమయమే నా ప్రాజెక్టుకు గుండెకాయ. నివేదికల్లో దీనినే హోల్డప్ టైమ్ అంటారు. గోడ నుంచి కరెంటు ఆగిన తరువాత ఎస్‌ఎంపీఎస్ తన లోపలి ప్రధాన కెపాసిటర్‌లో దాచుకున్న శక్తితో ఎన్ని మిల్లీసెకన్లు నడపగలదో ఆ సంఖ్య తెలుపుతుంది. పూర్తి భారం దగ్గర కనీసం 17 మిల్లీసెకన్లు ఉండాలని పాత ఏటీఎక్స్ ప్రమాణం చెబుతుంది. కొత్త ప్రమాణాల్లో ఈ హద్దు కొంత సడలింది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవర్తనం 20 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లో మారడానికి పది మిల్లీసెకన్లు అటూ ఇటూ పడుతుంది. ఆ ఖాళీని దాటించవలసినది ఎస్‌ఎంపీఎస్ మాత్రమే. కరెంటు తరచుగా పోయే మన ఊళ్లలో ఈ ఒక్క సంఖ్యను కొనేవారు అడగాలి, కాని ఏ దుకాణంలోనూ ఎవరూ అడగరు.

దీనితో ముడిపడినది యాక్టివ్ పీఎఫ్‌సీ, అంటే పవర్ ఫ్యాక్టర్‌ను సరిదిద్దే వలయం. ఇది ఉన్న ఎస్‌ఎంపీఎస్, గోడలో 230 వోల్టులున్నా 190 ఉన్నా, ప్రధాన కెపాసిటర్‌ను ఎప్పుడూ దాదాపు 380-390 వోల్టుల దగ్గరే నింపి ఉంచుతుంది. లేనిది గోడ వోల్టేజి శిఖరం వరకే నింపగలదు, లో వోల్టేజి సాయంత్రాల్లో దాని నిల్వ కూడా తగ్గిపోతుంది. అయితే యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నవి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో కొన్నిసార్లు సరిపడవు. మాది సైన్ వేవ్ రకం కాబట్టి ఆ ఇబ్బంది లేదు, పాత ఇన్వర్టర్ ఉన్నవారు మాత్రం ముందే చూసుకోవాలి.

ఏప్రిల్ 27, శనివారం

వేసవి సెలవులు మొదలైనందువల్ల పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లాను. సీటీసీ అనే ఈ భవనంలో అంతస్తుకు అంతస్తు కంప్యూటరు దుకాణాలే. మొదటి దుకాణంలో, "సార్, ఇది 500 వాట్లు, 900 రూపాయలే, అందరూ ఇదే తీసుకుపోతారు" అని ఒక తేలికైన పెట్టెను నా చేతిలో పెట్టారు. లేబుల్ తిప్పి చూస్తే 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు, అంటే 216 వాట్లు. వద్దని చెప్పాను.

మూడో దుకాణంలో నా జాబితాలోని రెండు మోడళ్లు దొరికాయి. రెండూ 550 వాట్లు, బ్రాంజ్, డీసీ-డీసీ నిర్మాణం, 12 వోల్టుల లైనుపై దాదాపు మొత్తం శక్తిని ఇవ్వగలవి. లేబుళ్లు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఇంటి దగ్గర చదివేటప్పుడు నేను పట్టించుకోని ఒక తేడా కనిపించింది. ఒకదానిపై ఇన్‌పుట్ 200 నుంచి 240 వోల్టులు, రెండోదానిపై 100 నుంచి 240 వోల్టులు. మొదటిది 230 వోల్టుల దేశాల కోసం ఖర్చు తగ్గించి చేసిన రకం, ధర 350 రూపాయలు తక్కువ. సాయంత్రం పూట మా వీధిలో వోల్టేజి 205కు దిగుతుంది, మా అమ్మ ఉండే పల్లెలో 180కి కూడా దిగుతుంది. ఈ యంత్రం ఎప్పుడైనా అక్కడికి వెళ్లవచ్చు. కాబట్టి రెండోదే తీసుకున్నాను.

మోడల్ పేరు ఇక్కడ రాయడం లేదు. అదే పేరుతో, అదే పెట్టెలో, లోపలి నిర్మాణం కొన్నేళ్లకు మారిపోతుంటుంది. నేను చదివిన నివేదికలోని పార్ట్ నంబరూ, నా చేతిలోని లేబుల్ మీది పార్ట్ నంబరూ ఒకటే అని సరిచూసుకున్నాకే డబ్బు ఇచ్చాను. పేరు నమ్మి కొనేవారికి ఆ సరిచూపు లేకపోతే నా సిఫారసు కూడా పనికిరాదు. ఇంకా చూసినవి: పెట్టె సీలు, భారత ప్రమాణాల సంస్థ అయిన బీఐఎస్ గుర్తూ దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరూ (దీనిని బీఐఎస్ కేర్ యాప్‌లో అక్కడికక్కడే వెతకవచ్చు), సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు. వారంటీ ఐదేళ్లు. ధర 4,450 రూపాయలు. బిల్లు లేకుండా 4,000కు ఇస్తామన్నారు. ఐదేళ్ల వారంటీని 450 రూపాయలకు వదులుకోవడం నాకు సమ్మతం కాలేదు.

ఏప్రిల్ 28, ఆదివారం

వంటింటి తూకంపై పాతది 730 గ్రాములు, కొత్తది 1,790 గ్రాములు. బరువే నాణ్యత కాదు, కాని హీట్ సింకులకూ, కాయిల్స్‌కూ, పెద్ద కెపాసిటర్లకూ బరువు ఉంటుంది.

కంప్యూటరుకు తగిలించక ముందు విడిగా పరీక్షించాను. 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ తీగ పిన్నును పక్కనున్న నల్ల తీగ పిన్నుతో ఒక పేపర్ క్లిప్పుతో కలిపితే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతుంది. ఊదా తీగపై ఉండే 5 వోల్టుల స్టాండ్‌బై మాత్రం స్విచ్ వేసిన వెంటనే వస్తుంది. అన్ని లైన్లూ సరిగా ఉన్నాయి. ఈ పరీక్ష ఆన్ అవుతుందా లేదా అన్నదే చెబుతుంది, భారం మోస్తుందా అన్నది చెప్పదు. తరువాత బిగించి, గ్రాఫిక్స్ కార్డు పెట్టి, తీగలన్నీ ఫ్యాన్లకు అడ్డు రాకుండా కట్టాను.

ఆన్ చేసి కేబినెట్ అంచు పట్టుకోగానే వేళ్లు జివ్వుమన్నాయి. పాతదానితోనూ అప్పుడప్పుడు ఇలా ఉండేది, చెప్పుల్లేకుండా ఉన్నానని సరిపెట్టుకునేవాడిని. కేబినెట్‌కూ న్యూట్రల్‌కూ మధ్య కొలిస్తే 104 వోల్టులు. వెంటనే ప్లగ్గు తీసేశాను.

ఏప్రిల్ 30, మంగళవారం

లోపం ఎస్‌ఎంపీఎస్‌లో లేదు, గోడలో ఉంది. బయటి గోల లోపలికీ, లోపలి గోల బయటికీ పోకుండా ఆపే ఫిల్టరులో రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి లోహపు ఒంటికి, మరొకటి న్యూట్రల్ నుంచి ఒంటికి. ఎర్త్ తీగ సరిగా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే ఆ రెండు కెపాసిటర్ల నడుమ ఒంటి వోల్టేజి దాదాపు సగం దగ్గర, అంటే 115 దరిదాపుల్లో తేలుతుంది. నా 104 అదే. మంచి ఎస్‌ఎంపీఎస్ కొన్నవారికి ఈ జివ్వు ఎక్కువగా తెలియడానికి కారణం కూడా ఇదే. అందులో ఫిల్టరు పూర్తిగా ఉంటుంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ఆ గది సాకెట్ మూడో రంధ్రం నుంచి వచ్చిన ఆకుపచ్చ తీగ స్విచ్ బోర్డు వెనక ఎక్కడా కలపకుండా చుట్టి వదిలేసి ఉంది. "సార్, ఇల్లు కట్టినప్పటి నుంచి ఇట్లనే ఉన్నట్టుంది" అన్నాడు. దానిని కలిపి, ఇంటి మూలనున్న ఎర్త్ గుంట ఎండిపోయి ఉంటే తవ్వి బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోశాడు. ఇప్పుడు న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 2 వోల్టుల లోపే, కేబినెట్‌పై సున్నా. నేను అనుకోని మరో లాభం కూడా కలిగింది. రెండేళ్లుగా నా పాఠాల ఆడియోలో వెనక సన్నగా వినిపించే గుయ్యిమనే శబ్దం పోయింది. దానికోసం రెండు మైకులు మార్చాను. 600 రూపాయల ఎర్తింగ్ పనితో తీరింది.

మే 1, బుధవారం

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండింటినీ పూర్తి భారంతో గంటసేపు నడిపాను. గోడ దగ్గర 296 వాట్లు. 12 వోల్టుల లైను ఖాళీగా 12.10, పూర్తి భారంతో 12.04. 5 వోల్టుల లైను 5.03 దగ్గర కదలలేదు. తరువాత ఇన్వర్టర్‌కు వచ్చే మెయిన్ స్విచ్‌ను ఆపి వేస్తూ ఇరవైసార్లు పరీక్షించాను, పదిసార్లు ఖాళీగా, పదిసార్లు పూర్తి భారంతో. ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదు.

మే 10, శుక్రవారం

పాలిటెక్నిక్‌లో కొత్తదాని రిపుల్ కొలిచాము, 34 మిల్లీవోల్టులు. ఎన్నికల శిక్షణ, 13న పోలింగ్ డ్యూటీ ఉన్నందువల్ల కొన్నాళ్లు పని ఆగుతుంది.

మే 19, ఆదివారం

పాత ఎస్‌ఎంపీఎస్‌ను ఈరోజు విప్పాను. ఇది అలవాటు లేనివారు చేయవలసిన పని కాదు. ప్రధాన కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా ఉండవచ్చు, ప్లగ్గు తీసినా కొంతసేపు ఉంటుంది. నాది మూడు వారాలుగా పక్కన పడి ఉన్నప్పటికీ ముందు మీటరు పెట్టి సున్నా చూశాకే చేయి పెట్టాను.

ఫిల్టరు ఉండవలసిన చోట బోర్డు మీద గుర్తులు ఉన్నాయి కాని, కాయిల్స్‌కు బదులు రెండు తీగ ముక్కలు అతికించారు. యాక్టివ్ పీఎఫ్‌సీ లేదు. అవుట్‌పుట్ వైపు కెపాసిటర్లలో రెండింటి తలలు ఉబ్బి ఉన్నాయి. అన్నింటిపై 85 డిగ్రీలని రాసి ఉంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు, వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే దాదాపు రెట్టింపవుతుంది. 2,000 గంటల రకమే అనుకుని, లోపల 65 డిగ్రీలుంటే, 85 డిగ్రీలది 8,000 గంటలు, 105 డిగ్రీలది 32,000 గంటలు వస్తుంది. రోజుకు ఆరు గంటల చొప్పున 8,000 గంటలంటే మూడేళ్ల ఎనిమిది నెలలు. నా పాత ఎస్‌ఎంపీఎస్ గొడవ మొదలైనది నాలుగో ఏట.

చివరగా 330 మైక్రోఫారడ్లని రాసిన రెండు ప్రధాన కెపాసిటర్లను ఊడదీసి కొలిచాను. ఒక్కొక్కటి 140 దగ్గర ఆగింది. అవి శ్రేణిలో ఉంటాయి కాబట్టి కలిపి 70. మా సాయంత్రపు 205 వోల్టులకు శిఖరం 290 వోల్టులు. వోల్టేజి 220కి దిగేవరకు ఈ రకం వలయం పనిచేస్తుందనుకుంటే, దొరికే శక్తి 70 మైక్రోఫారడ్లలో సగాన్ని ఆ రెండు వోల్టేజిల వర్గాల భేదంతో గుణించినంత, అంటే 1.25 జౌల్‌లు. ఎక్స్‌పోర్టు సమయంలో గోడ నుంచి తీసుకునేది 160 వాట్లు. భాగిస్తే 7.8 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ మారడానికి పట్టే సమయం దీనికంటే ఎక్కువ. కొత్తగా ఉన్నప్పుడు ఇవే కెపాసిటర్లు 230 వోల్టుల దగ్గర దాదాపు ముప్పై మిల్లీసెకన్లు నిలిపి ఉంటాయి. అందుకే మొదటి మూడేళ్లు ఏ ఇబ్బందీ తెలియలేదు. ఏప్రిల్ 7న ఏం జరిగిందో నాకు ఈ లెక్కతో పూర్తిగా అర్థమైంది. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకు ఘాతాంకాలు చెప్పేటప్పుడు కెపాసిటర్ ఆయుష్షునే ఉదాహరణగా తీసుకోవాలని రాసి పెట్టుకున్నాను.

పాత బోర్డును చెత్తబుట్టలో వేయకుండా, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వడానికి విడిగా కట్టి ఉంచాను.

మే 26, ఆదివారం

నిన్న రోహిణి కార్తె ప్రవేశించింది. మధ్యాహ్నం మూడింటికి గదిలో 40.5 డిగ్రీలు. పూర్తి భారంతో గంటన్నర నడిపాక ఎస్‌ఎంపీఎస్ వెనక నుంచి వచ్చే గాలి 52 డిగ్రీలు. ఫ్యాను శబ్దం పెరిగింది, వోల్టేజి పెరగలేదు, తరగలేదు. కేబినెట్ అడుగున ఎస్‌ఎంపీఎస్ గాలి పీల్చే జాలీకి అప్పుడే దుమ్ము పట్టింది. నెలకోసారి మెత్తని బ్రష్షుతో తుడవాలి.

జూన్ 2, ఆదివారం

సాయంత్రం అయిదున్నరకు గాలిదుమారం లేచి అరగంటలో మూడుసార్లు కరెంటు పోయింది. మొదటిసారి నేను త్రికోణమితిలో ఎత్తులు, దూరాల పాఠం రికార్డు చేస్తున్నాను. మూడుసార్లూ ఇన్వర్టర్ టక్కుమన్న శబ్దం మైకులో పడింది. రికార్డింగు మాత్రం ఆగలేదు. పాఠం 41 నిమిషాలకు ముగిసింది.